ఇంటర్ అయిపోయింది, టీవీ న్యూస్‌లోకి వెళ్ళాలి, మా శ్రీకాకుళం వైపు నుంచి దారి ఎలాగ?

ఉద్దానం గుంట (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఊరు, పేరు వద్దులెండి. ఈ ఏడు ఇంటర్ సీఈసీ అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి. నాన్న జీడి ఫ్యాక్టరీలో బాయిలింగ్ దగ్గర పని, అమ్మ పప్పుకి పొట్టు తీస్తుంది, కిలో లెక్కన డబ్బులు. నాకు టీవీ న్యూస్‌లో పని చేయాలని ఉంది, చిన్నప్పట్నుంచీ కాదు, తిత్లీ తుఫాను అప్పట్నుంచి. అప్పుడు నాది ఆరో తరగతి. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి మా ఊళ్ళో నిలబడ్డ కొబ్బరి చెట్టు లేదు. నాలుగైదు రోజులకి ఒక టీవీ రిపోర్టర్ అక్క వచ్చి మా మామ్మ ముందు మైకు పెట్టింది, మామ్మ ఏడవలేదు, "కొబ్బరి సెట్టంటే మాకు కొడుకు బావూ, రేతిరికి రేతిరి అందరు కొడుకులూ పోనారు" అంది అంతే. కరెంటు లేదు కదా, ఆ వార్త మేము చూడనేలేదు, హైదరాబాద్‌లో కూలికెళ్ళిన మా చిన్నాన్న చూసి ఫోన్ చేసి ఏడ్చాడు. అప్పుడనిపించింది ఈ పని నేను చెయ్యాలని.

ఇప్పుడు సంగతేంటంటే ఇక్కడ ఒకాయన ఉన్నారు, ఒక చిన్న ఛానెల్‌కి మండలం రిపోర్టర్‌గా పెడతాను, మైకుకి పెట్టే ఛానెల్ లోగో, ఐడీ కార్డు ఇస్తాను, ముప్పై వేలు డిపాజిట్ కట్టమంటున్నారు, ఇంటర్ చాలు డిగ్రీ అక్కర్లేదు అంటున్నారు. నాన్న బంగారం కుదువ పెడదామా అని ఆలోచిస్తున్నారు. రేపటికల్లా చెప్పమన్నారు. కట్టొచ్చా? లేకపోతే డిగ్రీ చదవాలా? చదివితే ఏ డిగ్రీ? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పేట మాజీ స్ట్రింగర్

కట్టొద్దు తల్లీ. ముందు ఇది చదివి నాన్నగారికి చూపించు, బంగారం బీరువాలోనే ఉంచమను.

నేను నరసన్నపేటలో 11 ఏళ్ళు స్ట్రింగర్‌గా చేశాను, నేను కూడా కట్టినవాడినే, అప్పట్లో ఇరవై వేలు. ఏ ఛానెలో చెప్పను, ఇప్పుడు అది లేదు కూడా. డిపాజిట్ అన్నారు, రసీదు ఇవ్వలేదు, ఏడాదిన్నరకి లోగో వెనక్కి ఇమ్మన్నారు డబ్బులు మాత్రం రాలేదు. ఒకటి గుర్తుపెట్టుకో, ఉద్యోగం ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోడు, డబ్బు తీసుకుంటున్నాడంటే వాడు అమ్ముతున్నది ఉద్యోగం కాదు, లోగో. ఆ లోగో పట్టుకుని నువ్వు జనం దగ్గర ఆ ముప్పై వేలూ రాబట్టుకోవాలని వాడి ఉద్దేశం, దసరాకి యాడ్లు, సంక్రాంతికి యాడ్లు, ఎమ్మెల్యే పుట్టినరోజుకి యాడ్లు, టార్గెట్ పెడతారు. వార్త రాయడానికి వెళ్ళినచోటే యాడ్ అడగాల్సి వస్తే ఆ వార్త ఇంక ఎలా రాస్తావు చెప్పు.

స్ట్రింగర్ అంటే ఏంటో కూడా చెప్తాను, చాలామందికి తెలీదు. స్ట్రింగర్ ఛానెల్ ఉద్యోగి కాదు. ఐటెం లెక్కన ఇస్తారు, కొన్నిచోట్ల అదీ ఇవ్వరు. పెట్రోలు మనది, ఫోను మనది, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు మనది. స్టాఫ్ రిపోర్టర్ అంటే జీతం, పీఎఫ్ ఉంటాయి, వాళ్ళు జిల్లాకి ఒకరో ఇద్దరో. అక్రిడిటేషన్ కార్డు అని ఇంకోటి ఉంది, అది జర్నలిస్టని గుర్తిస్తూ ప్రభుత్వ సమాచార శాఖ ఇచ్చేది, ఆయన ఇస్తానంటున్న ఐడీ కార్డుకీ దానికీ సంబంధం లేదు, ఆయన రెండూ ఒకటే అన్నట్టు చెప్తే నమ్మకు.

తిత్లీ అన్నావు కాబట్టి చెప్తున్నా. ఆ రోజు నేను బండి మీద హైవే ఎక్కితే టెక్కలి దాటాక ముందుకెళ్ళడానికి లేదు, చెట్లు, స్తంభాలు అడ్డంగా. బండి ఒక పెట్రోల్ బంకులో ఒగ్గేసి నడిచాను. విజువల్స్ తీశాను గానీ పంపడానికి సిగ్నల్ ఏదీ, టవర్లన్నీ పడుకున్నాయి. సెల్‌ఫోన్‌లో తీసిందే 40 నిమిషాలు ఉంది, బ్యాటరీ 18 శాతం. ఒక లారీ వాళ్ళు గొడ్డలితో చెట్లు కొట్టుకుంటూ శ్రీకాకుళం వైపు వెళ్తుంటే వాళ్ళతోపాటు కొమ్మలు లాగుతూ వెనక్కి వచ్చి, పేట దాటాక రెండు గీతల సిగ్నల్ దొరికితే అక్కడే రోడ్డు పక్కన కూర్చుని 3 నిమిషాల ముక్కలు చేసి పంపాను. అది టీవీలో వచ్చింది. మా ఇంట్లో కూడా కరెంటు లేదు కాబట్టి నేనూ చూడలేదు. ఆ పనికి నాకొచ్చింది ఎంతో చెప్పను, చెప్తే నువ్వు ఈ ఫీల్డ్‌కి రావు, నువ్వు రావాలి.

నాగావళి 77

అమ్మా ఈ మీడియా గొడవ ఎందుకు, డిగ్రీ చేసి బ్యాంకు కోచింగ్‌కో డీఎస్సీకో వెళ్ళు. మా బావమరిది హైదరాబాద్‌లో ఛానెల్ మూసేస్తే ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆడపిల్లవి.

ఉద్దానం గుంట

పేట అన్నా, నాన్నకి చదివి వినిపించాను. మీరు కొమ్మలు లాగిన దగ్గర ఆయన ఏం మాట్లాడలేదు, తర్వాత "కట్టొద్దులే" అన్నారు. చాలా థాంక్స్ అన్నా. డిపాజిట్ అడిగినాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాం, "అవకాశం పోగొట్టుకున్నారు" అన్నారు.

నాగావళి గారూ, మీరు మంచికే చెప్పారని తెలుసు. కానీ ఒక్కసారి ప్రయత్నం చేసి చూస్తాను.

ఇజీనారం డెస్కు

హమ్మయ్య. పొద్దున్న షిఫ్టులో ఉండి చూడలేకపోయా, డబ్బు కట్టేసి ఉంటావేమో అని భయపడ్డా.

నాది విజయనగరం, హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానెల్ అవుట్‌పుట్ డెస్కులో పనిచేస్తున్నా, 13 ఏళ్ళయింది, నన్ను అప్పా అను పర్లేదు, మన వైపు అక్కా అన్నట్టే. టీవీ న్యూస్ అంటే అందరికీ యాంకర్, రిపోర్టర్ ఈ రెండే కనబడతాయి, లోపల ఎంతమంది ఉంటారో తెలిస్తే నీకు దారి ఎంచుకోవడం తేలిక. పేట అన్నలాంటివాళ్ళు పంపినదాన్ని ముందు ఇన్‌పుట్ వాళ్ళు తీసుకుంటారు, ఎవరు ఎక్కడికి వెళ్ళాలి, ఏ వార్త కావాలి, ఫోన్‌లోనే మాట్లాడించే ఫోనో తీసుకోవాలా లైవ్ పెట్టాలా అది అసైన్‌మెంట్ డెస్కు. ఆ ముడిసరుకుని స్క్రిప్టుగా రాసేది మేము, కాపీ ఎడిటర్లం. రాసింది వాయిస్ ఓవర్ చెప్పేవాళ్ళ దగ్గరికి, అక్కణ్ణుంచి వీడియో ఎడిటర్ దగ్గరికి. బులెటిన్ ప్రొడ్యూసర్ రన్‌డౌన్ వేస్తాడు, ఏది ముందు ఏది వెనక అని. పీసీఆర్‌లో, అంటే బులెటిన్ నడిపే కంట్రోల్ రూమ్‌లో, బొమ్మలు మార్చే స్విచ్చర్ మీద ఒకరు, గ్రాఫిక్స్ ఒకరు, చదవాల్సిన అక్షరాలు చూపే ప్రాంప్టర్ తిప్పేది ఒకరు, యాంకర్ చెవిలో మాట్లాడేది ఒకరు. యాంకర్ చదివే రెండు ముక్కల వెనక ఇంతమంది. మరి వీళ్ళందరిలో ఎక్కువ కరువు ఎవరికో తెలుసా, తెలుగు తప్పుల్లేకుండా వేగంగా రాసేవాళ్ళకి. యాంకర్ పోస్టుకి వంద మంది వస్తారు, కాపీ రాయమంటే పదిమంది మిగలరు.

కాబట్టి నేను చెప్పేది, డిగ్రీ చెయ్యి, తప్పకుండా చెయ్యి. పెద్ద ఛానెల్ ఏదైనా డిగ్రీ అడుగుతుంది, జర్నలిజం స్కూళ్ళు డిగ్రీ అడుగుతాయి, ఇంటర్‌తో లోపలికొచ్చినా పైకి ఎదగడం కష్టం. జర్నలిజమే డిగ్రీలో చదవాలని లేదు. పొలిటికల్ సైన్సో, ఎకనామిక్సో, హిస్టరీయో, స్పెషల్ తెలుగో ఏదైనా బీఏ చాలు. నాది ఎకనామిక్స్, బడ్జెట్ రోజున మా డెస్కులో అందరూ నా కుర్చీ చుట్టూ చేరతారు. మన రాష్ట్రంలో 2023లో సింగిల్ మేజర్ వచ్చింది కదా, అంటే ఒకటే ముఖ్య సబ్జెక్టు, ఏదో ఒకటి లోతుగా చదువు. శ్రీకాకుళంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది, ఆన్‌లైన్ అడ్మిషన్ ఆప్షన్లలో అది ముందు పెట్టుకో. డిగ్రీలో ఎలాగూ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ అని ఉంటున్నాయి, ఎవరో టైపు చేసిచ్చిన కాగితం పెట్టకుండా వాటినే నీ రిపోర్టింగ్ ప్రాక్టీసు చేసుకో.

ఇంకోటి, నీ మొదటి పోస్టులో మీ మామ్మ మాట రాశావే, ఆ వాక్యం ఎక్కడ ఆపాలో అక్కడ ఆపావు. అది నేర్పితే వచ్చేది కాదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ఏయూ హాస్టల్ 12

హాయ్ సిస్టర్, నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ జర్నలిజం సెకండ్ ఇయర్, మాది సోంపేట. డిగ్రీ తర్వాత సంగతి చెప్తాను. ఏయూలో సీటుకి ఏపీ పీజీసెట్ రాయాలి. విజయనగరంలో సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ ఉంది, అక్కడా ఎంఏ జర్నలిజం ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశపరీక్ష. ట్రైబల్ అని పేరుంది కదా మనకి సీటు రాదనుకుంటారు చాలామంది, అందరికీ ఉంటుంది. ఇంగ్లీష్ గట్టిగా ఉంటే ఐఐఎంసీ అని కేంద్ర ప్రభుత్వ జర్నలిజం సంస్థ, ఒడిశాలో ఢెంకనాల్‌లో క్యాంపస్ ఉంది, మన పలాస స్టేషన్ నుంచి కటక్ వైపు బండెక్కితే హైదరాబాద్ కన్నా దగ్గర, ఈ సంగతి మనవాళ్ళు ఎవరూ ఆలోచించరు. ఇవి కాక పేపర్ల వాళ్ళు నడిపే స్కూళ్ళు, ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటివి, నోటిఫికేషన్ వేస్తారు, రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ట్రైనింగ్‌లో స్టైపెండ్ ఇస్తారు, మనం కట్టక్కర్లేదు వాళ్ళే ఇస్తారు, ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇదే మంచి దారి. రాతపరీక్షలో అనువాదం కచ్చితంగా వస్తుంది, ఇంగ్లీష్ పేరా ఇచ్చి తెలుగు చెయ్యమంటారు, ఇప్పట్నుంచే రోజూ ఒక ఇంగ్లీష్ వార్త తెలుగులో రాయి, మూడేళ్ళు రాస్తే ఎవరూ ఆపలేరు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ ఛానెల్ వాడడిగినా చేతికి ఇవ్వొద్దు, మా సీనియర్‌వి ఒకచోట రెండేళ్ళు ఇరుక్కుపోయాయి.

ఆమదాలవలస నాన్న

నేను జర్నలిస్టుని కాను, నాకూ ఇదే వయసు పాప ఉంది, ఇదే మాట అడుగుతోంది అందుకని మొత్తం చదివాను. అందరూ కోర్సులు చెప్తున్నారు, బాగుంది. నాకు తెలియాల్సింది ఇంకోటి. రాత్రి షిఫ్టులుంటాయట, ఎక్కడ ప్రమాదం జరిగితే అక్కడికి పరిగెత్తాలట, హాస్టల్లో ఉండాలి. ఆడపిల్లని పంపే తండ్రికి ఎవరైనా ఆడవాళ్ళే సమాధానం చెప్తే బాగుణ్ణు. తప్పుగా అనుకోకండి.

బొబ్బిలి రిపోర్టర్

అన్నగారూ, తప్పేముంది, మా నాన్న కూడా ఇదే అడిగారు. నేను చెప్తాను, ఉన్నది ఉన్నట్టు.

హైదరాబాద్‌లో మొదటి రెండేళ్ళు డెస్కులో చేశాను. చేతికొచ్చింది పద్నాలుగు వేలు, హాస్టల్‌కి ఆరున్నర. రాత్రి షిఫ్టుకి క్యాబ్ ఉంటుందన్నారు, ఉండేది, కానీ డ్రాపింగ్‌లో చివరిదాన్ని నేనే అయ్యేదాన్ని. డ్రైవర్ నంబరు, బండి నంబరు మా చెల్లికి పంపి పడుకోమనేదాన్ని, అది పడుకునేది కాదు. ఒక ఆఫీసులో ఒక పెద్దాయన మాటలు నచ్చక మానేశాను కూడా, ఫిర్యాదు చెయ్యడానికి కమిటీ ఉంటుందని, పదిమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే ఏ ఆఫీసులోనైనా ఉండి తీరాలని అప్పటికి నాకు తెలీదు. మీ పాపకి అది ముందే చెప్పండి, చేరిన రోజే ఆ కమిటీలో ఎవరున్నారో అడగమనండి. అడిగే పిల్లని చూస్తే జాగ్రత్తగా ఉంటారు.

తర్వాత మా వైపుకే వచ్చేశాను రిపోర్టర్‌గా. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు పాసింజర్ రైళ్ళు గుద్దుకున్నాయి, రాయగడ బండి వెళ్ళి పలాస బండిని వెనక నుంచి. చీకటి, పొలాల్లోంచి నడిచి వెళ్ళాలి, ఫోన్ టార్చి వెలుగులో. నేను వెళ్ళేసరికి ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు, ఎంతమంది, ఎంతమంది అని. అక్కడ ఒకాయన ఒక అంకె చెప్తాడు, ఇంకొకాయన ఇంకో అంకె. పట్టాల పక్కన ఒక ఆవిడ చెప్పుల్లేకుండా నిలబడి ఫోన్‌లో ఎవరికో మోగిస్తూనే ఉంది, అవతల ఎత్తట్లేదు. నేను లైవ్‌లో తప్పు అంకె చెప్తే అది ఆవిడకీ వినబడుతుంది, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళకీ వినబడుతుంది. "అధికారులు ఇంకా చెప్పలేదు, చెప్పాక చెప్తాను" అని మూడుసార్లు అన్నాను. ఆఫీసులో తిట్టారు. మర్నాడు తిట్టినాయనే ఫోన్ చేసి మంచిపని చేశావన్నాడు.

భయంగా ఉంటుంది అన్నగారూ, లేదనను. కానీ ఆ రాత్రి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మగ రిపోర్టర్లు ఏడుగురున్నారు అక్కడ, నా చెయ్యే పట్టుకుంది. రైల్వే హెల్ప్‌లైన్ నంబరుకి నేనే చేసి, వాళ్ళబ్బాయి ఆసుపత్రిలో ఉన్నాడని కనుక్కుని చెప్పాను.

తెలుగు మేష్టారు

అమ్మాయీ, నేను పాలకొండ దగ్గర హైస్కూల్లో 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. నీ పేరే "గుంట" అని, మన వైపు ఆడపిల్లని పిలిచే మాట పెట్టుకున్నావు చూశావా, నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ మాట విని బయటివాళ్ళు నవ్వుతారు, సినిమాల్లో మన యాసని పనివాళ్ళకీ కామెడీకీ పెట్టారు. నువ్వు మాత్రం దాన్ని ఒగ్గేయకు. తెలుగు నేల మీద వాడుక భాషలో చదువు ఉండాలని కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, 1863 ఆగస్టు 29న, ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి జిల్లా పిల్ల టీవీలో మాట్లాడ్డానికి భయపడకూడదు. మీ మామ్మగారి "పోనారు" అనే మాటలో ఉన్న దుఃఖం "చనిపోయారు"లో ఉందా?

దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలైన రోజు, 1983 నవంబరు 14, శాంతిస్వరూప్ గారు చదివారు. ప్రాంప్టర్ లేని రోజులు, రాసుకున్నది బట్టీపట్టి కెమెరా కళ్ళలోకి చూసి చెప్పేవారు. మా ఊళ్ళో టీవీ ఉన్న ఒక్క ఇంటి ముందు నిలబడి విన్నాను తర్వాత తర్వాత. ఆ ఉచ్చారణ కోసమే వినేవాణ్ణి.

ఇజీనారం డెస్కు

మేష్టారూ నమస్కారం. మీ మాట కాదనను గానీ సగం ఒప్పుకుంటాను. యాస ఒగ్గేయకూడదు నిజమే, కానీ వార్త చదివేటప్పుడు "స"కీ "శ"కీ తేడా వినబడకపోతే వాయిస్ టెస్టులో మొదటి నిమిషంలోనే పక్కన పెట్టేస్తారు, న్యాయమా అంటే కాదు, కానీ జరిగేది అదే. నేనూ పడ్డాను. "వెళ్ళాడు" అనమంటే "ఎల్లాడు" అన్నాను, గాజు అద్దం అవతల నవ్వారు, నాకు కనబడింది. ఆ రోజు హాస్టల్‌కి వచ్చి తినకుండా పడుకున్నా. తర్వాత మూడు నెలలు రోజూ పొద్దున్నే మేడమీద పేపర్ ఎడిటోరియల్ బయటికి చదివేదాన్ని, ళ, ణ, శ, ష, ఒత్తులు ఉన్న మాటలకి కింద గీత గీసుకుని. అందుకే చెల్లెమ్మకి రెండూ కావాలంటాను. చదవడానికి ఒక నాలుక, జనంతో మాట్లాడ్డానికి ఇంటి నాలుక. మైకు పట్టుకుని మీ ఊరి ముసలమ్మని పుస్తకం తెలుగులో ప్రశ్న అడిగితే ఆవిడ బిగుసుకుపోతుంది, "ఏటైనాది మామ్మా" అంటే అరగంట చెప్తుంది.

ఫోన్‌లో రికార్డు చెయ్యి, ఒక రోజు ఆగి విను, వెంటనే వింటే తప్పులు తెలియవు. సరే, ఇన్ని చెప్పాం, ఇప్పుడు నీ వంతు. మీ ఊరి వార్త ఒకటి స్క్రిప్టు రాసి ఇక్కడ పెట్టు. యాంకర్ చదివే లీడ్ మూడు వాక్యాలు, వీఓ అంటే బొమ్మల మీద చదివే వాయిస్ ఓవర్, ఒక బైట్ అంటే వార్తలో మనిషి సొంత మాట, మళ్ళీ వీఓ, పీటీసీ అంటే కెమెరా చూసి నువ్వు చెప్పే ముగింపు. మొత్తం నిమిషంన్నరకి మించకూడదు.

ఉద్దానం గుంట

అప్పా, రెండు రోజులు పట్టింది. జీడి పిక్కల ధర గురించి రాశాను, మా పెదనాన్న రైతు. తప్పులుంటే తిట్టండి.

"యాంకర్: శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలోని జీడి రైతులు గిట్టుబాటు ధర లేక తీవ్ర ఇబ్బందులకు గురవుతున్నారు. ఆరుగాలం కష్టపడి పండించిన పంటకు సరైన ధర లభించకపోవడంతో రైతన్నలు ఆందోళన వ్యక్తం చేస్తున్నారు. ప్రభుత్వం తమను ఆదుకోవాలని వారు కోరుతున్నారు."

తర్వాత వీఓ కూడా ఇలాగే ఉంది, ఇది బాగుంటే అది పెడతాను.

ఇజీనారం డెస్కు

తిట్టను గానీ నిజం చెప్తాను. ఇది నువ్వు రాసింది కాదు, నువ్వు టీవీలో విన్నది. ఇందులో జీడి తీసేసి పత్తి అని పెట్టు, ఉల్లి అని పెట్టు, పలాస తీసేసి కర్నూలు పెట్టు, అలాగే సరిపోతుంది. అంటే ఇందులో మీ ఊరు లేదు. "తీవ్ర ఇబ్బందులు" కెమెరాకి ఎలా కనబడతాయి? కనబడవు. జీడి ఆరుగాలం పంట కూడా కాదు కదా, తోట కదా, చూసుకో.

నాకు కావాల్సినవి ఇవి. మీ పెదనాన్న ఈ ఏడు ఎన్ని బస్తాలు తూచాడు? బస్తా అంటే ఎన్ని కిలోలు? ఎంతకి అడిగారు, ఎంతకి ఇచ్చాడు, ఎంత రావాలంటున్నాడు, ఎవరికి అమ్మాడు? వ్యాపారిని అడిగావా ఎందుకు తక్కువిస్తున్నాడో? ఒకవైపు మాటే పెడితే అది వార్త కాదు. వెళ్ళి కనుక్కునిరా.

ఈ పని నీకు తేలిక, మీ అమ్మగారి చేతులు చూస్తూ పెరిగావు. మీ ఉద్దానంలో జీడి గురించి, కొబ్బరి గురించి, కిడ్నీ జబ్బు గురించి నీకు తెలిసినంత ఇక్కడ ఏసీ గదిలో నాకు తెలీదు. క్రియాటినిన్, అదే కిడ్నీ ఎలా ఉందో రక్తపరీక్షలో చెప్పే అంకె, ఆ మాట మా డెస్కులో కొత్త పిల్లలకి విడమర్చి చెప్పాలి, మీ ఊళ్ళో చదువురాని ముసలాయన కూడా తన అంకె చెప్తాడు.

కెమెరా సైకిల్

నేను వీడియో జర్నలిస్టుని, రాజాంవాణ్ణి. అందరూ రాత గురించే చెప్తున్నారు నేను బొమ్మ గురించి రెండు ముక్కలు. ఫోన్ అడ్డంగా పట్టుకో, నిలువుగా కాదు. ప్రతి షాట్ కదపకుండా పది సెకన్లు ఉంచు, మనసులో పది లెక్కపెట్టు, కొత్తవాళ్ళందరూ మూడు సెకన్లకే తిప్పేస్తారు, ఎడిటర్‌కి వాడుకోవడానికేం ఉండదు. దూరంగా ఒకటి, మధ్యలో ఒకటి, దగ్గరగా ఒకటి. జీడి స్టోరీకి దగ్గర షాట్ అంటే పిక్క పగలగొట్టాక రసం అంటి నల్లబడ్డ వేళ్ళు, అంతకన్నా ఇంకేం అక్కర్లేదు. కాటా మీద బస్తా, ముల్లు ఎక్కడ ఆగిందో, దాన్ని చూస్తున్న రైతు మొహం. బైట్ తీసేటప్పుడు ఎండ నీ వీపు వెనక ఉండాలి. ఫ్యాను ఆపించు, గాలి మైకులో కొడుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి విని చూసుకో, బైట్ అయిపోయి ఇంటికొచ్చాక శబ్దం లేదంటే మళ్ళీ ఆ మాట ఆ మనిషి అదేలాగ చెప్పడు.

చిన్నపిల్లల మీద నేరం జరిగినా, ఆడవాళ్ళ మీద అత్యాచారం జరిగినా మొహం, పేరు, ఇల్లు ఏదీ చూపించకూడదు, చట్టం ఒప్పుకోదు, వీధి గుర్తుపట్టేలా షాట్ తీసినా తప్పే. యూట్యూబ్ ఛానెల్ పెట్టుకున్నా అంతే. ఇది ఎవరూ నేర్పరు, కేసు పడ్డాక తెలుస్తుంది.

ఉద్దానం గుంట

వారం అయింది, క్షమించాలి. వ్యాపారి నాలుగుసార్లు తిప్పించుకున్నారు, ఐదోసారి మాట్లాడారు. మళ్ళీ రాశాను.

"యాంకర్: ఈ ఏడు ఆరు బస్తాల జీడి పిక్కలు కాటాకి పెట్టాడు ఉద్దానం రైతు. బస్తాకి 80 కిలోలు. బస్తాకి 16 వేలు రావాలని రైతులు అడుగుతుంటే ఆయన చేతికొచ్చింది 11 వేల 200.

వీఓ: పిక్క ఏరడానికి ఇంటిల్లిపాదీ తోటలోకి వెళ్ళారు. తిత్లీకి పడిపోయిన చెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. కాసిన మొదటి పంటకే ధర లేదు.

బైట్, రైతు: నేను సెప్పిన రేటుకి కొనీవోడు నేడు. ఇంట్లో ఉంచితే పురుగు పడతాది. ఇచ్చీసినాను.

వీఓ: విదేశాల నుంచి వచ్చే పిక్కలు చవగ్గా దొరుకుతుంటే ఎక్కువ పెట్టి ఎలా కొంటామని వ్యాపారులు అంటున్నారు.

బైట్, వ్యాపారి: పప్పు రేటు పెరిగితే పిక్క రేటూ పెంచుతాం, మాకూ మిగలాలి కదా.

పీటీసీ: ఈ కాటా దగ్గర నుంచి ఫ్యాక్టరీ కిలోమీటరు దూరం. అక్కడ ఈ పిక్కకి పొట్టు తీసే ఆడవాళ్ళకీ కిలో లెక్కనే కూలి. పలాస నుంచి..."

పేరు దగ్గర ఆపేశాను అప్పా, ఛానెల్ పేరు లేదు కదా.

వ్యాపారి గారు నన్ను ముందు "ఎవరమ్మాయివి" అన్నారు, ఫలానా ఆయన కూతుర్నంటే "మీ నాన్న మా ఫ్యాక్టరీలోనే కదా" అన్నారు. అప్పుడు భయమేసింది, నాన్నకి ఏమైనా అవుతుందా అని. ఇంటికొచ్చి నాన్నకి చెప్తే "నువ్వు ఆయన మాట కూడా రాసినావు కదా, ఏటవుద్ది" అన్నారు.

పేట మాజీ స్ట్రింగర్

"పురుగు పడతాది, ఇచ్చీసినాను." ఇది నాకు 11 ఏళ్ళలో దొరకని బైట్ తల్లీ.

వ్యాపారి మాట కూడా పెట్టడం మంచిపని. ఒక్క జాగ్రత్త, నాన్నగారు పనిచేసేచోటి మీద మాత్రం ప్రాక్టీసుకైనా స్టోరీ చెయ్యకు, అది వేరేవాళ్ళు చెయ్యాలి. నీ స్టోరీ నిజమే అయినా జనం నమ్మరు, నాన్నకి ఇబ్బంది.

ఇజీనారం డెస్కు

ఇది నేను మార్చకుండా పీసీఆర్‌కి పంపుతాను. ఒక్క చోట తప్ప. "కాసిన మొదటి పంటకే ధర లేదు" అన్నావు, ధర లేకపోవడం కాదు, తక్కువ. "అడిగిన ధర లేదు" అని రాయి. అంత చిన్న తేడాకే ఫోన్లు వస్తాయి మాకు.

"నేదు"ని "లేదు" అని దిద్దకుండా ఉంచావు, కానీ "నేడు" అని టైపు పడింది చూసుకో, నేడు అంటే ఇవాళ. స్క్రోలింగ్‌లో అదే తప్పు పోతే రాష్ట్రమంతా చూస్తుంది. ఇప్పుడు అదే నీ గొంతుతో చదివి ఆడియో పంపు.

ఉద్దానం గుంట

పంపాను అప్పా, రాత్రి తొమ్మిదికి మిక్సీలన్నీ ఆగాక మేడమీద కూర్చుని చదివాను. పద్నాలుగో టేక్.

డిగ్రీకి ఆన్‌లైన్‌లో పెట్టేశాం, మొదటి ఆప్షన్ శ్రీకాకుళం మహిళా కాలేజీ, పొలిటికల్ సైన్స్. హాస్టల్‌కి బంగారం అక్కర్లేదన్నారు నాన్న, అమ్మ చీటీ డబ్బులున్నాయి. మేష్టారూ, ఆడియో మామ్మకి వినిపించాను. బైట్ దగ్గర పెదనాన్న గొంతు రాగానే "ఇది మన పెద్దోడే" అని ఫోన్ చెవికి ఆనించుకుని మళ్ళీ పెట్టమంది, మళ్ళీ పెట్టమంది. నా వీఓ దగ్గర మాత్రం "ఈ పిల్లెవులు?" అంది.

ఇజీనారం డెస్కు

విన్నాను. "విదేశాలు" బాగుంది, "ధర"లో ఒత్తు రెండుచోట్ల పడలేదు, "దర" అన్నావు. చివర్లో ఊపిరి అయిపోయి గొంతు కిందకి దిగిపోయింది, పీటీసీకి ముందు ఊపిరి తీసుకో. రేపు పొద్దున్న ఆరింటికి మళ్ళీ చదివి పంపు, నా షిఫ్టు ఏడింటికి, ఆ లోపల వింటాను.